మాక్స్ వాల్: మాట వినే కాళ్ల కళ

బ్రిటిష్ హాస్యనటుడూ నర్తకుడూ అయిన మాక్స్ వాల్ గురించి రాసినవారిలో ఎక్కువమంది ఆయన జీవితాన్ని రెండు ముక్కలు చేసి చెబుతారు. మొదటి సగంలో వెరైటీ (పాట, నృత్యం, గారడీ, హాస్యం కలగలిసిన ప్రదర్శనల) రంగస్థలం మీద పెద్ద పెద్ద బూట్లు వేసుకుని జనాన్ని నవ్వించిన వినోదకారుడు, రెండో సగంలో ఐరిష్ రచయిత శామ్యూల్ బెకెట్ నాటకాల్లో నటించి విమర్శకుల మన్ననలు పొందిన గంభీర నటుడు, నడుమ పదేళ్లకు పైబడిన పతనం. ఇలా చెబితే కథ రక్తి కడుతుంది గానీ అసలు విషయం జారిపోతుంది. వాల్ కళ మారలేదు. కుర్రతనంలో ఆయన ఒంటికి పట్టుబడిన విద్యనే అరవై ఏడేళ్ల వయసులోనూ ప్రదర్శించారు. ఆ మధ్యకాలంలో మారింది నాటకరంగం, దాన్ని చూసే కళ్లు. ఆ విద్య ఎక్కడ తయారైందో, ఎందుకు మూలపడిందో, మళ్లీ ఎలా వెలుగులోకి వచ్చిందో పరిశీలిస్తే ఇరవయ్యో శతాబ్దపు బ్రిటిష్ రంగస్థలంలో జరిగిన ఒక పెద్ద మార్పు కూడా అర్థమవుతుంది.

1908 మార్చి 12న దక్షిణ లండన్‌లో, బ్రిక్స్‌టన్ రోడ్డులోని గ్లెన్‌షా మాన్షన్స్ అనే ఫ్లాట్ల సముదాయంలో మాక్స్‌వెల్ జార్జ్ లోరిమర్ పుట్టారు. అదే ఏడాది అదే సముదాయంలో మరో ఫ్లాటును ఇద్దరు అన్నదమ్ములు అద్దెకు తీసుకున్నారు. ఆ తమ్ముడి పేరు చార్లీ చాప్లిన్. ఇందులో ఆశ్చర్యపడవలసింది పెద్దగా లేదు. బ్రిక్స్‌టన్, కెన్నింగ్‌టన్ పేటల్లో మ్యూజిక్ హాల్ (పాటల, హాస్యపు వినోదశాల) కళాకారులు గుంపులుగా కాపురం ఉండేవారు. ఆట ముగిశాక రాత్రి బాగా పొద్దుపోయినా ఇంటికి చేరడానికి అక్కడ ట్రాములు దొరికేవి. మాక్స్ తండ్రి జాక్ లోరిమర్ స్కాట్లండ్ నుంచి వచ్చిన హాస్య గాయకుడు, నర్తకుడు. తల్లి కూడా స్టెల్లా స్టాల్ పేరుతో రంగస్థలం మీదే జీవించింది. అంటే ఆ పిల్లవాడికి ఆట అన్నది వేరే నేర్చుకోవలసిన విద్య కాదు, ఇంట్లో రోజూ జరిగే పని.

ఆ ఇల్లు ఎక్కువకాలం నిలవలేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జెప్పెలిన్ అనే జర్మన్ గాలిఓడ వేసిన బాంబు బ్రిక్స్‌టన్‌లో వాళ్లున్న ఇంటి మీద పడింది. ఇనుప మంచపు చట్రం అడ్డుపడటంతో మాక్స్, ఆయన అన్న ప్రాణాలతో బయటపడ్డారు. చిన్న తమ్ముడూ, పిల్లలను కనిపెట్టుకుని ఉన్న పినతల్లి వంటి మనిషీ చనిపోయారు. 1920లో తండ్రి క్షయతో, నలభై ఏళ్లు నిండకుండానే కన్నుమూశారు. తల్లి హ్యారీ వాలెస్ అనే ఆయనను మళ్లీ పెళ్లి చేసుకుంది. తన పేరు మాక్స్‌వెల్ నుంచి మొదటి సగం, సవతి తండ్రి పేరు వాలెస్ నుంచి మొదటి సగం తీసుకుని కుర్రవాడు మాక్స్ వాల్ అయ్యారు. 1922లో, పద్నాలుగో ఏట, ఇంగ్లండ్ నైరుతి జిల్లాల్లో తిరిగే ఒక పాంటొమైమ్ (జానపద కథల మీద అల్లే హాస్య సంగీత నాటకం) బృందంలో మొదటి వేషం దొరికింది. మూడేళ్లు తిరిగేసరికి లండన్ లైసియం థియేటర్‌లో ఒక రెవ్యూలో (పాటలు, నృత్యాలు, చిన్న ప్రహసనాలు కలిసిన ప్రదర్శనలో) ప్రత్యేక నర్తకుడిగా అడుగుపెట్టారు.

అప్పటి వెరైటీ వ్యవస్థ ఎలా నడిచేదో తెలియకపోతే వాల్ విద్య విలువ తెలియదు. పంతొమ్మిదో శతాబ్దపు మ్యూజిక్ హాళ్లలో జనం బల్లల దగ్గర కూర్చుని తాగుతూ పాటలు వినేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదటికి ఆ బల్లలు పోయి వరుసలుగా బిగించిన కుర్చీలు వచ్చాయి, ఊరూరా ఎంపైర్, హిప్పోడ్రోమ్, పాలెస్ వంటి పేర్లతో పెద్ద పెద్ద థియేటర్లు లేచాయి, మోస్ ఎంపైర్స్ వంటి కంపెనీలు వాటిని గొలుసుకట్టుగా నడిపాయి. సాయంత్రం ఒకటి, రాత్రి ఒకటి, రోజుకు రెండాటలు. ఒక్కో ఆటలో గారడీవాడు, గాయని, సైకిలు విన్యాసాలు చేసే కుటుంబం, కుక్కలతో ఆడించే వ్యక్తి, నర్తకులు, హాస్యగాడు ఒకరి తర్వాత ఒకరు వచ్చి పోయేవారు. అగ్రతార మినహా ఎవరికీ దొరికే సమయం పది నిమిషాలకు మించేది కాదు. శనివారం రాత్రి ఆట ముగించి, ఆదివారం రైలెక్కి, సోమవారం సాయంత్రానికి మరో ఊళ్లో మళ్లీ మొదలుపెట్టేవారు.

ఈ ఏర్పాటులో ఒక లాభం దాగి ఉంది. ఏ ఊరికైనా ఒక కళాకారుడు ఏడాదికి ఒకటి రెండుసార్లు మించి రాడు కాబట్టి, ఆ పది నిమిషాల అంశాన్నే ఏళ్ల తరబడి మార్చకుండా ఆడవచ్చు. వారానికి పన్నెండు ఆటల చొప్పున ఒకే నడకను, ఒకే విరామాన్ని, ఒకే తలతిప్పుడును వేలసార్లు ప్రేక్షకుల ముందు పరీక్షించవచ్చు. గ్లాస్గోలో నవ్వనివారిని కార్డిఫ్‌లో నవ్వించేందుకు అరక్షణం ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ పెంచాలో శరీరానికి తెలిసిపోతుంది. నటన పాఠశాలలు ఏవీ ఇవ్వలేని శిక్షణ అది. వాల్ దాదాపు ముప్పై ఏళ్లు ఆ శిక్షణలోనే ఉన్నారు. తర్వాత ఆయన సాధించినదంతా ఈ వేలసార్ల పునరావృతం మీద నిలబడిందే.

ఆయన మొదట మాటల హాస్యగాడు కాదు, వికట నర్తకుడు. పోస్టర్ల మీద ఆయనను 'మాట వినే కాళ్ల కుర్రాడు' అని ప్రకటించేవారు. వికట నృత్యం బ్రిటిష్ మ్యూజిక్ హాల్‌లో గౌరవనీయమైన పాత సంప్రదాయం. 1880లలో చెక్కజోళ్ల నృత్యంలో ఛాంపియన్‌గా పేరు తెచ్చుకున్న డాన్ లీనో ఆ తర్వాతే దేశంలో అందరికంటే పేరున్న హాస్యనటుడయ్యారు. నాలుగున్నర అడుగుల ఎత్తున్న లిటిల్ టిచ్ తన ఎత్తులో సగానికి పైగా పొడవున్న, దాదాపు 28 అంగుళాల బూట్లు తొడుక్కుని, వాటి మొనల మీద నిటారుగా లేచి నిలబడి, ముందుకు వాలి పడిపోకుండా ఆగి లండన్‌నూ పారిస్‌నూ మెప్పించారు. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శన సందర్భంగా తీసిన చిన్న చలనచిత్రంలో ఆ నృత్యం ఈనాటికీ చూడవచ్చు. పెద్ద బూట్లు వాల్ కనిపెట్టినవి కావు. అవి వారసత్వంగా వచ్చాయి.

వికట నృత్యంలో అడుగు తప్పినట్టు కనిపించాలి గానీ తప్పకూడదు. నడుము పైభాగం ఒక మనిషిది, కింది భాగం వేరొకరిది అన్నట్టు కాళ్లు తమ ఇష్టప్రకారం పోతుంటే, ముఖం మాత్రం ఆ కాళ్లతో తనకు సంబంధం లేదన్నంత గంభీరంగా ఉండాలి. లయ మీద పూర్తి అదుపు ఉన్నవాడికే లయను ఇలా వంకర తిప్పడం సాధ్యం. వాల్ ఇందులో ఎంత నేర్పరి అయ్యారంటే, 1930లో రాజదంపతుల సమక్షంలో జరిగే రాయల్ వెరైటీ ప్రదర్శనలో ఇరవై రెండేళ్లకే చోటు దొరికింది. 1932లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో ఎర్ల్ కారోల్ రెవ్యూలోనూ ఆడారు. మాటలు మెల్లగా వచ్చి చేరాయి. రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దళంలో కొంతకాలం పనిచేసి, ఆరోగ్య కారణాలతో 1943లో విడుదలయ్యాక రేడియోలో ఆయన గొంతు దేశమంతటికీ పరిచయమైంది. కాళ్లతో బతికిన కళాకారుడికి కాళ్లు కనిపించని మాధ్యమంలో పేరు రావడం విచిత్రంగా అనిపించవచ్చు గానీ, మాటకూ మాటకూ మధ్య ఎంత సేపు ఆగాలన్నది ఆయన నాట్యం నుంచే నేర్చుకున్నారని అనుకోవడం సమంజసం.

యుద్ధానంతరం ఆయన సృష్టించిన ప్రొఫెసర్ వాలోఫ్‌స్కీ ఈ విద్య అంతటికీ పరాకాష్ఠ. భుజాల దాకా జీవం లేకుండా వేలాడే విగ్గు, పొట్టి నల్ల కోటు, కాళ్లకు అంటుకుపోయిన నల్ల టైట్స్, వాటి కింద పడవల్లాంటి బూట్లు. ఈ మనిషి ఒక మహా పియానో విద్వాంసుడు, కచేరీ చేయడానికి వచ్చాడు. కానీ పియానో దగ్గరికి చేరడమే ఒక ప్రయాణం. మోకాళ్లు వంచి, పిరుదులు వెనక్కి పొడుచుకొచ్చేలా నడుము విరిచి, మెడ ముందుకు చాచి, డ్రమ్ము దరువుకు ఒక్కో అడుగూ వేస్తూ రంగస్థలాన్ని అడ్డంగా దాటుతాడు. దరువు ఆగితే ఆగిపోతాడు. ప్రేక్షకుల వైపు ఒక చూపు విసురుతాడు, ఆ చూపులో క్షమాపణ గానీ బతిమాలుకోవడం గానీ ఉండదు. తీరా పియానో ముందు కూర్చున్నాక ఒక చేయి రెండో చేతికంటే పొడవైందని కనుక్కుంటాడు, దాన్ని సరిచేసుకోవడానికి పడే అవస్థలో సంగీతం వెనకబడిపోతుంది.

ఈ అంశంలో గమనించవలసింది ఏమిటంటే, అందులో జోకు అంటూ విడదీసి చెప్పగలిగినది దాదాపు ఏమీ లేదు. ఎవరైనా దాన్ని ఇంటికి వెళ్లి చెబుదామంటే కుదరదు. నవ్వంతా శరీరంలో, విరామంలో, ఆ విద్వాంసుడి చెక్కుచెదరని ఆత్మగౌరవంలో ఉంది. తాను హాస్యాస్పదంగా ఉన్నానని వాలోఫ్‌స్కీకి తెలియదు. లోకమంతా కూలిపోతున్నా తన గాంభీర్యాన్ని వదలని మనిషి అతను. 1970లో మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ టెలివిజన్ హాస్య బృందం నుంచి జాన్ క్లీజ్ చేసిన వంకర నడకల ప్రహసనానికి మూలం వాలోఫ్‌స్కీ నడకలోనే ఉందని విమర్శకులు తరచూ అంటారు. పోలిక నిజమే గానీ తేడా కూడా అంతే ముఖ్యం. క్లీజ్ పొడవాటి కాళ్ల వింతను నవ్వుగా మార్చారు, వాల్ నవ్వు వెనుక ఒక మనిషి ఒంటరితనాన్ని ఉంచారు.

1955లో వాల్ కీర్తి శిఖరం మీద ఉంది. ఆ అక్టోబరులో లండన్ కొలీజియంలో మొదలైన 'ది పజామా గేమ్' అనే అమెరికన్ సంగీత నాటకంలో, కర్మాగారంలో కార్మికుల పనివేగాన్ని గడియారం పట్టుకుని కొలిచే హైన్స్ పాత్ర ఆయనది. అదే సమయంలో ఇంటి జీవితం కూలింది. భార్యనూ అయిదుగురు పిల్లలనూ విడిచి, ఆ ఏడాదే మిస్ గ్రేట్ బ్రిటన్‌గా ఎంపికైన, తనకంటే చాలా చిన్నదైన యువతితో వెళ్లి, 1956లో ఆమెను పెళ్లి చేసుకున్నారు. పత్రికలు వదలకుండా వెంటపడ్డాయి. కుటుంబమంతా కలిసి చూసే వినోదానికి ప్రతినిధిగా ఉన్న కళాకారుడి మీద ఆనాటి బ్రిటిష్ సమాజం చూపిన కాఠిన్యం ఎంతటిదో నేటి పాఠకులకు ఊహించడం కష్టం. అవకాశాలు తరిగిపోయాయి, ప్రేక్షకుల్లో కొందరు మొహమ్మీదే అవమానించారు.

పతనానికి ఈ అపకీర్తి ఒక్కటే కారణమని చెప్పడం తేలిక, కానీ అది సగం నిజం. ఆ నెలల్లోనే మరో పెద్ద సంఘటన జరిగింది. 1955 సెప్టెంబరులో వాణిజ్య టెలివిజన్ ప్రసారాలు బ్రిటన్‌లో ప్రారంభమయ్యాయి. అంతకు ముందే మందగించిన వెరైటీ థియేటర్లు దానితో వరుసగా మూతపడ్డాయి. 1958లో కాలిన్స్ మ్యూజిక్ హాల్ అగ్నిప్రమాదంలో పోయింది, 1963లో ఎడ్జ్‌వేర్ రోడ్డులోని మెట్రోపాలిటన్ మూతపడింది. థియేటర్‌లో ముప్పై ఏళ్లు నడిచే పది నిమిషాల అంశాన్ని టెలివిజన్ ఒక్క రాత్రిలో దేశమంతా చూపించేసి ఖాళీ చేస్తుంది. వచ్చే వారానికి కొత్త సరుకు కావాలి. ఏ అపకీర్తీ అంటని నర్తకులు, గారడీ కళాకారులు సైతం ఆ పదేళ్లలో తెరమరుగయ్యారు. ఈజిప్టు వేషంలో ఇసుక మీద నాట్యమాడి ప్రపంచమంతా తిరిగిన విల్సన్, కెపెల్, బెట్టీ బృందం 1960ల మొదట్లో ఆట చాలించుకుంది. వాల్ విషయంలో అపకీర్తి చేసింది ఒక్కటే, రాబోయే దెబ్బను కొన్నేళ్లు ముందే తెచ్చిపెట్టింది.

మిగిలింది ఉత్తర ఇంగ్లండ్‌లోని శ్రామికుల క్లబ్బులు. అక్కడ పని దొరికింది గానీ ఆ చోటు ఆయన కళకు సరిపడేది కాదు. ఎత్తయిన రంగస్థలం ఉండదు. బల్లల మధ్య నేల మీద, తాగుతూ మాట్లాడుకుంటున్న జనం ముందు నిలబడాలి. ముందు వరుసల వెనక కూర్చున్నవారికి కాళ్లే కనిపించవు. మౌనంగా ఆగితే ఆ మౌనాన్ని ఎవరో ఒకరు కేకతో నింపేస్తారు. మైకు పట్టుకుని తెరపి లేకుండా జోకులు గుప్పించేవాడికి ఆ క్లబ్బులు అనువైనవి. విరామమే ఆయుధంగా బతికినవాడికి కావు. ఆ ఏళ్లను ఆయన వైఫల్యంగా లెక్కించడం అన్యాయం. ఒక కళకు దాని వేదికను తీసేసి ఆడమన్నట్టు జరిగింది.

అటువంటి సమయంలో పిలుపు ఊహించని దిక్కు నుంచి వచ్చింది. 1966లో లండన్ రాయల్ కోర్ట్ థియేటర్ ఫ్రెంచి రచయిత ఆల్ఫ్రెడ్ జారీ రాసిన 'ఉబూ రాజు' నాటకాన్ని తలపెట్టింది. చిత్రకారుడు డేవిడ్ హాక్నీ రంగాలంకరణ చేసిన ఆ ప్రదర్శనలో తిండిపోతు, పిరికివాడు, క్రూరుడు అయిన ఉబూ పాత్రకు వాల్‌ను ఎంచుకున్నారు. ఆ ఎంపికలో గొప్ప అవగాహన ఉంది. 1896లో తొలిసారి ఆడినప్పుడు పారిస్‌ను దద్దరిల్లజేసిన ఆ నాటకంలో పాత్రలకు మనస్తత్వం అంటూ ఉండదు, అవి నడిచే బొమ్మలు. ఇంటి గదుల్లో టీ తాగుతూ సంభాషించే నటనలో తర్ఫీదు పొందినవారికి అది దొరకదు. మనిషి శరీరాన్ని బొమ్మలా ఆడించడం నలభై ఏళ్లుగా చేస్తున్నవారికి అది అలవాటైన పని. అప్పటికే రాయల్ కోర్ట్ తరం నాటకకర్తలు మ్యూజిక్ హాల్ వైపు చూడటం మొదలుపెట్టి పదేళ్లయింది. 1957లో జాన్ ఆస్‌బోర్న్ రాసిన 'ది ఎంటర్‌టైనర్' కూలిపోతున్న వెరైటీ హాస్యగాడి కథే. అందులో ఆర్చీ రైస్ పాత్రను మొదట ప్రఖ్యాత నటుడు లారెన్స్ ఒలివియే ధరించారు. 1974లో లండన్‌లోని గ్రీనిచ్ థియేటర్‌లో ఆ పాత్ర వాల్‌కు వచ్చింది. ఒలివియే ముందున్న సవాలు హాస్యగాడిలా కనిపించడం. వాల్ ముందున్న సవాలు అందుకు తలకిందులు: విఫలమైన హాస్యగాడిని చూపాలంటే తన చేతిలో ఉన్న నేర్పును దాచాలి. రెండోదే ఎక్కువ కష్టమని చెప్పక తప్పదు.

అప్పటికి జనం కూడా తిరిగి వచ్చారు. 1972లో మాట్ ది హూపుల్ అనే రాక్ బృందం తమ పర్యటనలో గారడీ, విన్యాసాలతో పాటు వాల్‌ను కూడా చేర్చుకుంది. 1970ల మధ్యలో ఆయన ఒక్కరే సాయంత్రమంతా నడిపిన 'ఆస్పెక్ట్స్ ఆఫ్ మాక్స్ వాల్' గ్రీనిచ్ నుంచి లండన్ ప్రధాన థియేటర్ల పేట అయిన వెస్ట్ ఎండ్‌లోని గారిక్ థియేటర్‌కు చేరింది. వాలోఫ్‌స్కీని తాతల కాలపు వినోదంగా కాక, బెకెట్ వంటివారు రాసిన, అర్థం లేని లోకాన్ని చూపే అసంబద్ధ నాటకానికి దగ్గరి చుట్టంగా చూడగల యువ ప్రేక్షకులు అప్పటికి తయారై ఉన్నారు.

1975లో గ్రీనిచ్‌లోనే ఆయన బెకెట్ రాసిన 'క్రాప్స్ లాస్ట్ టేప్' ఆడారు. అరవై తొమ్మిదో పుట్టినరోజున ఒక ముసలివాడు ముప్పై ఏళ్ల కిందటి తన గొంతును టేపు రికార్డరులో వింటూ కూర్చునే ఏకపాత్ర నాటకమది. వాల్ వయసు అప్పుడు అరవై ఏడు. బెకెట్ తన రాతలో క్రాప్ ఆహార్యాన్ని వివరంగా నిర్దేశించారు: పొట్టిదైపోయిన ఇరుకు నల్ల ప్యాంటు, తెల్లని ముఖం, ఊదారంగు ముక్కు, ఆశ్చర్యం కలిగించేంత పెద్దవైన, ఇరుకుగా మొన తేలిన మురికి తెల్ల బూట్లు. నాటకం మొదలైన చాలాసేపటి వరకు ఒక్క మాట ఉండదు. క్రాప్ తాళం చెవులు వెతుక్కుంటాడు, సొరుగు తెరుస్తాడు, అరటిపండు తీసి ఒలుస్తాడు, తొక్క కింద పడేస్తాడు, కాసేపటికి దాని మీదే జారబోతాడు, రెండో పండు తొక్కను దూరంగా విసురుతాడు. ఇది మ్యూజిక్ హాల్ సామగ్రే. బెకెట్ దాన్ని అక్కడి నుంచే తెచ్చుకున్నారు. కాబట్టి వాల్ ఆ పాత్రను చేపట్టినప్పుడు వినోదకారుడు సాహిత్య నాటకంలోకి ఎదిగాడని అనడం తలకిందుల మాట. సాహిత్య నాటకమే అప్పు తెచ్చుకున్న బూట్లలోకి వాటి అసలు వారసుడు కాళ్లు పెట్టారు.

ఒక తేడా మాత్రం ఉంది, దాన్ని దాటవేయకూడదు. వెరైటీలో విరామం చివర నవ్వు వచ్చి తీరాలి. రాకపోతే ఆ రాత్రి ఓడిపోయినట్టే. బెకెట్ నాటకంలో విరామం చివర నవ్వు రావచ్చు, రాకపోవచ్చు. ఆ ఖాళీని తొందరపడి నింపకుండా నిలబడగలగాలి. జీవితమంతా నవ్వును రాబట్టడానికే శరీరాన్ని మలచుకున్న మనిషికి ఆ నిగ్రహం సహజంగా వచ్చేది కాదు. క్లబ్బుల్లో నవ్వు రాని రాత్రులు బహుశా ఆ పాఠాన్ని కూడా నేర్పి ఉంటాయి.

1980ల మొదట్లో మాంచెస్టర్ రాయల్ ఎక్స్‌ఛేంజ్‌లో ఆయన బెకెట్ 'వెయిటింగ్ ఫర్ గోడో'లో వ్లదిమీర్‌గా, ట్రెవర్ పీకాక్ ఎస్ట్రగాన్‌గా ఆడారు. టోపీలు ఒకరి నుంచి ఒకరికి మార్చుకునే ఆట మొదలుకొని ఇద్దరు దారినపోయేవారి వాదులాట వరకు ఆ నాటకం నిండా జంట హాస్యగాళ్ల లయే. ఆ థియేటర్‌లో నాలుగు వైపులా ప్రేక్షకులు కూర్చుంటారు. జీవితమంతా ఎదురుగా ఉన్న జనం వైపు ముఖం పెట్టి ఆడిన కళాకారుడు డెబ్బై దాటాక వీపుతో కూడా నటించవలసి వచ్చింది. వాలోఫ్‌స్కీ వంగిన నడుముకు అది కొత్త కాదు.

సినిమాలూ టెలివిజన్ ధారావాహికలూ చాలానే చేశారు. 1977లో టెర్రీ గిలియమ్ తీసిన 'జాబర్‌వాకీ'లో శిథిలమైన కోటలో ముసలి రాజుగా, 1987లో డికెన్స్ నవల ఆధారంగా వచ్చిన 'లిటిల్ డోరిట్'లో ఫ్లింట్‌వించ్‌గా ఆయన గుర్తుండిపోతారు. పేరు తిరిగి వచ్చినా చివరి ఏళ్లలో దక్షిణ లండన్‌లో ఒక చిన్న గదిలో ఒంటరిగానే బతికారు. 1990 మేలో లండన్ స్ట్రాండ్‌లోని ఒక భోజనశాల నుంచి బయటికి వస్తూ పడిపోయి, తలకు తగిలిన దెబ్బతో ఎనభై రెండో ఏట మరణించారు. హైగేట్ శ్మశానవాటికలో ఖననం చేశారు.

ఆయన ప్రదర్శనల రికార్డింగులు కొన్ని మిగిలాయి. వాటిని చూడదలచినవారు ముఖాన్ని దగ్గరగా చూపే భాగాలకంటే, మనిషి నిలువెత్తునా ఫ్రేములో ఉన్న భాగాలను వెతుక్కోవాలి. టెలివిజన్ కెమెరా ముఖం దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ కాళ్లు తెర బయటికి పోతాయి, ముఖానికీ కాళ్లకూ మధ్య నడిచే తగాదా తెగిపోతుంది, సగం అంశమే మనకు అందుతుంది.